సిరిసిల్లకు పావ్ వచ్చింది

పెళ్లయి సిరిసిల్లకు వచ్చిన రెండో నెల. బస్టాండు దగ్గర బేకరీలో నాలుగు బన్నులు కొనుక్కొని ఇంటికొస్తే, అత్తమ్మ గడపలోనే నన్ను ఆపి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"పానం మంచిగ లేదా బిడ్డా? జరమొచ్చిందా?"

బాగానే ఉన్నానంటే నమ్మలేదు. బాగుంటే బ్రెడ్డెందుకు మరి? 2001 నాటి మాట ఇది. అప్పుడు మా వాడలో బ్రెడ్డయినా బన్నయినా జ్వరమొచ్చినోళ్ల ఇంటికో, దవాఖానల ఉన్నోళ్లకో పోయేది. పాలల్లో నానబెట్టి తినిపించే పథ్యం. ఒంట్లో బాగున్న మనిషి, అందులోనూ కొత్త కోడలు, డబ్బులు పెట్టి బన్నులు కొనుక్కొచ్చుకోవడం అత్తమ్మకు అర్థం కాలేదు. ఆ పూట నాకు అన్నం పెట్టలేదు. మిరియాల చారు కాచింది.

నేను ఆ బన్నులు కొన్నది వడాపావ్ చేద్దామని. పావ్ అనే బన్నులాంటి రొట్టె మధ్యలో ఆలుగడ్డ వడ పెట్టి తినే బొంబాయి తిండి అది. అప్పటికి యాభై రోజులైంది నేను వడాపావ్ తినక. పుట్టి బుద్ధెరిగాక అన్ని రోజులు తినకుండా ఎప్పుడూ లేను.

నేను పుట్టింది, పెరిగింది బొంబాయిలో, వర్లీ బీడీడీ చాల్‌లో. ఇంగ్లీషోళ్ల కాలంలో, 1920ల్లో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ (బీడీడీ) కట్టిన మూడంతస్తుల భవనాలు అవి, మొత్తం నూట ఇరవై ఒకటి ఉండేవి. మధ్యలో పొడుగాటి నడవ, దానికి రెండు దిక్కులా గదులు. ఒక్కో గది 160 చదరపు అడుగులు. అందులోనే పొయ్యి, అందులోనే పడక, అందులోనే చుట్టాలు. మా నడవలో నాలుగు గదులు మా పద్మశాలీలవి, మిగతావి కొంకణం నుంచీ సతారా నుంచీ వచ్చినోళ్లవి. బడి మున్సిపాలిటీ వాళ్ల తెలుగు మీడియం బడి. అందుకే ఇవాళ ఇది తెలుగులో రాయగలుగుతున్నాను. ఇంట్లో తెలుగు, నడవలో మరాఠీ, మెట్లు దిగితే హిందీ.

బాపుది, అంటే మా నాన్నది, మిల్లులో నేత పని. అక్కడ నేత విభాగాన్ని సాళ్ ఖాతా అనేవాళ్లు. మా సాలోళ్ల పేరే దానికి పెట్టారేమో అనుకునేదాన్ని చిన్నప్పుడు. 1982 జనవరి 18న దత్తా సామంత్ పిలుపు మీద మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది దాకా పని ఆపేశారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. కొన్ని మిల్లులు మళ్లీ తెరిచారు, కొందరిని పనిలోకి తీసుకున్నారు. బాపును తీసుకోలేదు. అప్పుడు నాకు మూడేళ్లు, ఏమీ గుర్తు లేదు. గుర్తున్నదల్లా దాని తర్వాతి ఏళ్లు. బాపు బొంబాయి దగ్గరి భివండీలో సాంచల మీదికి, అంటే మరమగ్గాల పనికి పోయి వారానికోసారి ఇంటికి రావడం, అవ్వ, అంటే మా అమ్మ, తెల్లారకముందే లేచి ఆలుగడ్డలు ఉడకబెట్టడం.

ఆ ఆలుగడ్డలు మావి కావు, మావ్శీవి. మావ్శీ అంటే మరాఠీలో చిన్నమ్మ. మా పక్క గదిలో ఉండేది. ఆమె భర్త కూడా బాపు మిల్లులోనే చేసి, బాపులాగే పని పోగొట్టుకున్నాడు. ఆమె చాల్ బయట మలుపులో ఒక బల్ల, ఒక కిరోసిన్ స్టవ్వు, ఒక కడాయి పెట్టుకొని వడాపావ్ అమ్మడం మొదలుపెట్టింది. సమ్మె తర్వాత గిరణ్‌గావ్ అంతటా అలాంటి బల్లలు లేచాయి. గిరణ్‌గావ్ అంటే మిల్లుల ఊరు, పరేల్ నుంచి వర్లీ దాకా ఉన్న ఆ వాడలన్నిటికీ అదే పేరు. మిల్లు గేటు దగ్గర నిలబడి వడాపావ్ తిన్న మనుషులే గేటు మూతపడ్డాక వడాపావ్ అమ్మేవాళ్లయ్యారు. దాదర్ స్టేషన్ బయట 1966లో అశోక్ వైద్య అనే ఆయన మొదటిసారి బటాటా వడను పావ్‌లో పెట్టి అమ్మాడని చెప్తారు. ఎవరు మొదలుపెట్టినా, అది మిల్లు పనోళ్ల కోసమే పుట్టిన తిండి. షిఫ్టుకు, లోకల్ బండికి మధ్య దొరికే అయిదు నిమిషాల్లో ఒక చేత్తో తినొచ్చు. ఇంకో చెయ్యి బండి కడ్డీ పట్టుకోవడానికి ఖాళీగా ఉంటుంది.

రోజుకు పది కిలోల ఆలుగడ్డలు. అవ్వ ఉడికించి, వేడివేడిగానే పొట్టు తీసి, చేత్తో నలిపేది. మెత్తగా ముద్ద చేస్తే మావ్శీ ఒప్పుకునేది కాదు. కొరికితే అక్కడక్కడ ఆలుగడ్డ పలుకు తగలాలి. అల్లం, ఎల్లిపాయ, పచ్చిమిర్చి రోట్లో కచ్చాపచ్చాగా దంచేది. నూనెలో ఆవాలు, ఇంగువ, కల్యామాకు వేసి, దంచింది వేసి, పచ్చివాసన పోయాక పసుపు వేసి, స్టవ్వు ఆర్పి అప్పుడు ఆలుగడ్డ కలిపేది. చివరికి కొత్తిమీర, కొంచెం నిమ్మరసం. ఉల్లిగడ్డ వెయ్యదు, బఠాణీ వెయ్యదు, గరం మసాలా అసలే వెయ్యదు. శనగపిండి జారుగా కలిపి, అందులో ఒక గంటెడు కాగిన నూనె పోసి, వడలు ముంచి వేసేది. వడ వేశాక వేళ్లకు మిగిలిన పిండిని కడాయిలో విదిల్చేది. ఆ చుక్కలు కరకరలాడే పూసల్లా వేగి పైకి తేలేవి. దాన్ని చురా అంటారు. బడి నుంచి వచ్చిన పిల్లలకు చురా పావ్ ఊరికే ఇచ్చేది మావ్శీ.

ఎర్ర పొడి చట్నీ మాత్రం అవ్వ పని. ఎల్లిపాయలు, ఎండు కొబ్బరి, నువ్వులు, కొన్ని పల్లీలు విడివిడిగా వేయించి, ఎర్ర కారం, ఉప్పు వేసి దంచేది. మావ్శీ అందులో గుప్పెడు చురా కూడా వేసి దంచమనేది. మన ఎల్లిపాయ కారానికి దగ్గరి చుట్టమే కానీ అది కాదు. కొబ్బరి, చురా కలిసేసరికి నాలుకను కాల్చకుండా వెనక నుంచి మెల్లగా అందుకుంటుంది.

నా పని పావ్‌లు కోయడం. "పూర్తిగా కోయకు, పుస్తకంలా తెరుచుకోవాలి" అని మావ్శీ నేర్పింది. ఒక పక్క అతుక్కొనే ఉండాలి. లేకపోతే తినేటప్పుడు వడ వెనక నుంచి జారి పడిపోతుంది. కోసే ముందు పావ్ పక్కన బొటనవేలితో నొక్కి చూడాలి. వేలు తీయగానే గుంట మళ్లీ పైకి లేస్తే ఇవాళ్టి పావ్. గుంట అలాగే ఉండిపోతే నిన్నటిది, పక్కన పెట్టాలి. నిన్నటిది అమ్మితే గిరాకీ రేపు రాడు.

పావ్ రోజుకు రెండు సార్లు వచ్చేది. పొద్దున అయిదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి. సైకిల్ వెనక పెద్ద బుట్ట, దాని మీద ప్లాస్టిక్ పట్టా. పట్టా తీస్తే ఆ వాసనకే ఆకలయ్యేది. పావ్‌లు ఒకదానికొకటి అతుక్కొని పలకలా ఉంటాయి. ఆ పలకను లాది అంటారు. బట్టీలో పక్కపక్కనే కలిసి పొంగుతాయి కాబట్టి పైనా కిందా మాత్రమే గోధుమ రంగు తిరుగుతుంది, పక్కలు తెల్లగా, దూది లెక్క ఉంటాయి. ఒక్కొక్కటి విడదీస్తే ఆ పక్కలు పోగులు పోగులుగా చీలుతాయి. పావ్ అనే మాట పోర్చుగీసువాళ్లది, ఆలుగడ్డను అక్కడ బటాటా అనడమూ వాళ్ల నుంచి వచ్చిందే. మిరపకాయ కూడా వాళ్ల ఓడల్లో దిగిందే. మా చాల్‌లో మనుషులందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినట్టే.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, సిరిసిల్లకు వచ్చేటప్పుడు వడాపావ్ నా వెంటే వస్తుందనుకున్నాను. ఎట్లా చెయ్యాలో చిన్నప్పటి నుంచి నా చేతులకు తెలుసు. ఆలుగడ్డ దొరకని ఊరుందా?

ఊరు కొత్తనిపించలేదు నిజానికి. బస్సు దిగగానే చెవిలో పడింది సాంచల చప్పుడే. భివండీలో బాపు దగ్గరికి పోతే వినపడే చప్పుడే. మామ ఆసామి, ఇంటి వెనక షెడ్డులో ఎనిమిది సాంచలు. కండెలు చుట్టడం నాకు తెలుసని అత్తమ్మ మురిసిపోయింది. అంతా తెలిసిన లోకమే. సాయంత్రం నాలుగింటికి మాత్రం నా ముక్కు ఒక వాసన కోసం వెతికేది. ఆ వేళకు సైకిల్ బెల్లు ఎక్కడ మోగినా తల తిప్పేదాన్ని.

ఆ బన్నుల రోజు చారు తాగి పడుకున్నాను కానీ, మర్నాడు వడలు వేశాను. ఇంటిల్లిపాదీ తిన్నారు. షెడ్డులో పనిచేసే వాళ్లకూ పంపింది అత్తమ్మ. "ఆలు బొండలు మస్తున్నయి" అన్నారందరూ. మామ పప్పుచారులో నంజుకున్నాడు. బన్నులో పెట్టి ఎర్ర చట్నీ చల్లి ఇస్తే మాత్రం ఒక్కొక్కరూ వడను బయటికి తీసి తిని, బన్ను పక్కన పెట్టారు. వాళ్లది తప్పు కాదు. నేనూ తినలేకపోయాను. బన్ను తీపి. అందులో ఏలకుల వాసన, అక్కడక్కడ ఎర్రటి పచ్చటి టూటీఫ్రూటీ. ఎల్లిపాయ చట్నీ, ఆ తీపి కలిస్తే నోట్లో రెండు పెళ్లిళ్ల బ్యాండుమేళాలు ఒకే సందులో ఎదురుపడ్డట్టుంది.

బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టి చూశాను. వడ వేడికి చెమ్మగిల్లి చేతిలోనే చిరిగింది. చపాతీలో చుట్టి చూశాను. అది బాగానే ఉంది, పిల్లలు పుట్టాక వాళ్ల టిఫిన్ డబ్బాలో చాలా ఏళ్లు అదే పెట్టాను కూడా. వడాపావ్ అని మాత్రం అనలేదు దాన్ని.

అప్పుడు నాకు తెలిసొచ్చింది. వడ ఎక్కడైనా అవుతుంది. చట్నీ సీసాలో పెడితే నెల రోజులు ఉంటుంది. పావ్ అట్లా కాదు. బట్టీ ఉండాలి, రోజూ తెల్లారుజామున పిండి కలిపే మనిషి ఉండాలి, రోజూ కొనే వంద ఇళ్లు ఉండాలి. నా ఒక్కదాని ఆకలికి ఊర్లో బట్టీ వెలగదు.

ఆ బేకరీకే పోయి అడిగాను. చక్కెర తక్కువేసి, పక్కపక్కన అంటుకునేట్టు పెట్టి కాల్చిస్తారా అని. పెద్దాయన మర్యాదగానే విన్నాడు. "బిడ్డా, చక్కెర, డాల్డా ఉంటెనే బన్ను నాలుగొద్దులు మెత్తగుంటది. నువ్వు చెప్పేది తెల్లారెవరకు గట్టివడ్తది. మిగిలినయి నేనేం జేసుకోవాలె?" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. చక్కెర తేమను పట్టి ఉంచుతుంది. బొంబాయి పావ్‌లో పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు, పేరుకు ఇంత చక్కెర, ఇంత నూనె. పొద్దున కాల్చింది రాత్రికి అయిపోవాలి. అయిపోయే ఊర్లోనే అది బతుకుతుంది.

ఇంట్లో చేద్దామని చూశాను. ఈస్టు కరీంనగర్ నుంచి తెప్పించాను. కుక్కర్‌లో అడుగున ఉప్పు పోసి, రబ్బరు, విజిల్ తీసేసి, వేడెక్కాక పిండి ముద్దలు పెట్టిన గిన్నె దించాను. అడుగు మాడింది, పైన తెల్లగా ఉడికిన కుడుముల్లా ఉండిపోయింది. పావ్‌కు పైనుంచి కూడా వేడి తగలాలి కదా, కుక్కర్‌లో అది ఎక్కడి నుంచి వస్తుంది? రెండోసారి మూత మీద నిప్పులు పెట్టి చూశాను. కొంచెం నయం. మూడోసారి చెయ్యలేదు.

ఇక పావ్ నా దగ్గరికి వచ్చే దారి ఒక్కటే, బాపు. ఏడాదికోసారి, ఒక్కోసారి రెండుసార్లు వచ్చేవాడు. రాత్రంతా ప్రయాణం చేసి, మర్నాడు పొద్దెక్కాక దిగేవాడు. బస్సెక్కే ముందు సాయంత్రం బట్టీ దగ్గర నిలబడి వేడి లాదీలు నాలుగు కొని, పేపర్లో చుట్టి, దాని మీద తువ్వాల చుట్టి, బ్యాగులో పెట్టకుండా ఒళ్లో పెట్టుకొని తెచ్చేవాడు. బ్యాగులో పెడితే నలుగుతాయని. అవ్వ పంపిన చట్నీ డబ్బా వేరే. బాపు వస్తున్నాడంటే నేను తెల్లారేసరికి ఆలుగడ్డ ఉడికించి, పోపు పెట్టి, ఉండలు చేసి ఉంచేదాన్ని. ఆయన కాళ్లు కడుక్కునేలోపు కడాయిలో నూనె కాగేది.

అప్పటికే పావ్‌కు పదిహేను గంటల వయసు. వేలితో నొక్కితే గుంట లేచీ లేవనట్టు లేచేది. ఇడ్లీ పాత్రలో ఒక్క నిమిషం ఆవిరి చూపించి వడ పెట్టుకొని తినేదాన్ని. ఎదురుగా కూర్చొని బాపు చూసేవాడు. ఆయన తినేవాడు కాదు. "నాకు రోజూ ఉండేదే కదనే, నువ్వు తిను" అనేవాడు. ఎండాకాలంలో అయితే మూడోనాటికి బూజు పట్టేది. రెండు రోజుల్లో నాలుగు లాదీలు తినడం నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు, పిల్లలకు నెయ్యి రాసి పెనం మీద కాల్చి ఇచ్చేదాన్ని. మా పెద్దమ్మాయి పావ్‌ను "తాత రొట్టె" అనేది.

వడాపావ్ ఒక్కటే కాదు నేను పోగొట్టుకున్నది. పెళ్లికి ముందు రెండేళ్లు దాదర్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేశాను. జీతం వచ్చిన రోజు సాయంత్రం టోస్ట్ శాండ్‌విచ్ తినేదాన్ని. దాన్ని అమ్మేవాడికి ఒక ఎత్తు బల్ల, దాని మీద వరసగా పేర్చిన కీరదోసకాయ, టమాట, ఉల్లిగడ్డ, ఉడికించిన ఆలుగడ్డ, ఉడికించిన బీట్‌రూట్. బ్రెడ్డుకు వెన్న అంచుల దాకా రాస్తాడు. అది రుచి కోసమే కాదు, చట్నీ తడి బ్రెడ్డులోకి దిగకుండా ఆపడానికి. దాని మీద కొత్తిమీర, పుదీనా పచ్చి చట్నీ, ఆ మీద కూరగాయలు, ప్రతి వరస మీదా చిటికెడు మసాలా. రెండు చేతుల పటకారు లాంటి ఇనుప డబ్బాలో పెట్టి నిప్పుల మీద తిప్పి తిప్పి కాలుస్తాడు. చివరికి కత్తితో టకటకమని ఆరు ముక్కలు చేసి, పైన సన్న కారప్పూస చల్లి ఇస్తాడు. బీట్‌రూట్ రంగు వెన్నలో కలిసి బ్రెడ్డు అంచున గులాబీ గీతలా కనిపించేది. ఆ గీత చూస్తే చాలు నాకు, బొంబాయి శాండ్‌విచ్ అని తెలిసిపోతుంది.

2019లో పెద్దమ్మాయిని హైదరాబాదులో హాస్టల్లో దింపి, కోఠిలో నడుస్తుంటే ఆ ఇనుప డబ్బా మూసిన చప్పుడు వినిపించింది. చూసేదాకా కాళ్లు ఆగలేదు. గుజరాతీ పెద్దమనిషి ఒకాయన, అదే ఎత్తు బల్ల, అదే వరస. హైదరాబాదులో అంతకుముందు తిన్న శాండ్‌విచ్‌లన్నిట్లో మయోనీసు, స్వీట్‌కార్న్ ఉండేవి. తినేవాళ్లు తింటారు, నాకు మాత్రం మయోనీసు పడ్డాక లోపల ఏముందో తెలియదు, అన్నీ ఒకటే రుచి. ఈయన దగ్గర గులాబీ గీత ఉంది. రెండు తిన్నాను. ఆరేసి ముక్కలు, పన్నెండూ తిన్నాను. కూతుర్ని హాస్టల్లో వదిలిన దుఃఖం కూడా ఉంది అందులో. ఆయన ఏమనుకున్నాడో, మూడో ప్లేటులో ఊరికే కొంచెం ఆలుగడ్డ, చట్నీ పెట్టి ఇచ్చాడు. అప్పటి నుంచి అమ్మాయిని చూడటానికి పోయిన ప్రతిసారీ కోఠి మీదుగానే పోయేదాన్ని.

కానీ అది హైదరాబాదు. సిరిసిల్ల నుంచి మూడు గంటలు. సాయంత్రం నాలుగింటి ఆకలికి పనికిరాదు.

సిరిసిల్లలో వడాపావ్ అని రాసిన బోర్డులు అప్పటికే రెండు మూడు చూశాను. ఒకచోట బర్గర్ బన్నులో వడ పెట్టి, టమాటా సాసు పోసి, పైన క్యాబేజీ వేసి ఇచ్చారు. తిని డబ్బులిచ్చి వచ్చేశాను. అందుకే 2021లో మా చిన్నోడు "అమ్మా, నేతన్న చౌక్ దిక్కు కొత్త వడాపావ్ బండి పడ్డది" అంటే పట్టించుకోలేదు. వాడే ఒక పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు.

పేపరు విప్పకముందే తెలిసింది. పొడి చట్నీ వాసన. విప్పాను. పావ్ పక్కలు తెల్లగా, పోగులు పోగులుగా ఉన్నాయి. పక్కన ఉప్పు అద్దిన సన్నటి పచ్చిమిర్చి వేయించింది ఒకటి. బజ్జీ మిర్చి కాదు, సన్నటిది. బొటనవేలితో నొక్కాను. గుంట పైకి లేచింది.

చెప్పులేసుకొని బండి దగ్గరికి పోయాను. ముప్పై అయిదేళ్లుంటాయేమో ఆ తమ్ముడికి. నోట్లోంచి మాట రాకముందే మరాఠీలో అడిగాను, పావ్ ఎక్కడిది అని. అతనూ ఆలోచించకుండా మరాఠీలోనే జవాబిచ్చాడు, తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

"భివండీల ఉంటిమక్కా పదిహేనేండ్లు. సాంచలు నడిపిన. లాక్‌డౌన్ల కార్ఖానా బందైంది, పిల్లల్ని తీస్కొని ఇంటికొచ్చిన. మల్ల పోబుద్ధి కాలే" అన్నాడు. కార్ఖానా పని అయ్యాక రాత్రిళ్లు ఒక మరాఠా దోస్తు బండి దగ్గర నిలబడి వడలు వేసేవాడట. నేర్చుకోవాలని కాదు, రెండు రూపాయలు వస్తాయని.

పావ్ సంగతి అడిగాను. మొదటి రెండు నెలలు బస్సులో తెప్పించాడట. భివండీ దోస్తు సాయంత్రం డ్రైవర్ చేతికి ఇస్తే పొద్దున ఇక్కడ దింపుకునేవాడు. బాపు ఒళ్లో వచ్చినట్టే. బస్సు ఆలస్యమైన రోజు బండి పెట్టేవాడు కాదు. ఆ తర్వాత బేకరీకి పోయాడు. నేను అడిగిన బేకరీయే. పెద్దాయన లేడు, కొడుకు చూసుకుంటున్నాడు. తండ్రి నాకు చెప్పిన మాటే కొడుకు అతనికీ చెప్పాడు, మిగిలితే ఎట్లా అని. ఇతను "రోజూ పది లాదీలు చెయ్యి, అమ్మినా అమ్మకపోయినా పైసలు నావి" అన్నాడట. చక్కెర ఎంత తగ్గించాలి, ముద్దల మధ్య ఎంత సందు వదలాలి, బట్టీ నుంచి తీశాక తడి గుడ్డ ఎంతసేపు కప్పాలి, ఇవన్నీ ఇద్దరూ కలిసి నెల రోజులు తంటాలు పడ్డారు. మొదటి వారం కాల్చినవన్నీ బర్రెలకు పెట్టారట. ఆ పైసలూ ఇతనే ఇచ్చాడు.

ఆ మాట విన్నాక నాకు కాసేపు మాట రాలేదు. ఇరవై ఏళ్ల కింద నేను ఆ బేకరీలో అడిగి, లేదంటే తలూపి వచ్చేశాను. మిగిలినవి నేనే కొంటాను అనే మాట నాకు తట్టలేదు. తట్టినా, అప్పుడు నా చేతిలో అన్ని పైసలు ఎక్కడివి?

ఇప్పుడు ఆ బేకరీలో రోజూ సాయంత్రం నాలుగున్నరకు లాదీలు బయటికి వస్తాయి. బండి కోసం చేసినవే కాక, పావ్ భాజీ చేసుకునే ఇళ్లవాళ్లూ, ఛాయ్‌లో ముంచుకునే ముసలివాళ్లూ కొనుక్కుపోతున్నారు. ఎవరైనా అటు వస్తే ఆ వేళకే రండి, ఆరు దాటితే దొరకవు. వడలో ఆలుగడ్డ మావ్శీ వడ కంటే కొంచెం మెత్తగా ఉంటుంది, ఆ సంగతి తమ్ముడికి చెప్పాను. చట్నీలో చురా కలిపి దంచమని కూడా చెప్పాను. మర్నాటి నుంచే కలిపాడు. అత్తమ్మకు ఇప్పుడు ఎనభై దగ్గర పడింది. వడ తినదు, పావ్ మాత్రం ఛాయ్‌లో అద్దుకొని తింటుంది. "జరం లేకున్నా తినొచ్చు ఇది" అంటుంది.

మరుసటి ఏడు దసరాకు బాపు వచ్చాడు. అవ్వ పోయాక భివండీలో మా తమ్ముడి దగ్గర ఉంటున్నాడు. సాంచల మీద బతుకమ్మ చీరల పని అప్పుడే అయిపోయి షెడ్డు నిమ్మళంగా ఉంది. ఫోన్లో ముందే చెప్పాను, పావ్ తేవద్దని. ఎందుకని అడిగితే, రా చెప్తా అన్నాను. అయినా తెచ్చాడు, రెండు లాదీలు, తువ్వాలలో చుట్టి.

సాయంత్రం బండి దగ్గరికి తీసుకుపోయాను. బాపు ఏమీ అనకుండా పొట్లం అందుకున్నాడు. పావ్ పక్కన బొటనవేలితో నొక్కాడు. నా వైపు చూసి, మళ్లీ ఒకసారి నొక్కాడు. నిలబడే తిన్నాడు, మిల్లు గేటు దగ్గర తిన్నట్టు, ఎడమ చెయ్యి ఖాళీగా పెట్టుకొని. ఇన్నేళ్లలో నా ఊర్లో ఆయన వడాపావ్ తినడం అదే మొదటిసారి. అది అయిపోయాక "ఇంకోటియ్యి బేటా, చురా జర ఎక్కువెయ్యి" అన్నాడు.

తిరిగి పోయే రోజు బస్సు సాయంత్రం ఆరింటికి. నాలుగున్నరకే తయారై కూర్చున్నాడు. బేకరీకి పోదాం పద అన్నాడు. వేడిగా ఉన్న లాది ఒకటి కొన్నాడు. దారిలో తినడానికని నేను పొట్లం కట్టబోతే వద్దన్నాడు. భివండీలో తమ్ముడికి చూపించాలట. పేపర్లో చుట్టి, పైన తువ్వాల చుట్టి, బస్సెక్కి కిటికీ పక్కన కూర్చొని ఒళ్లో పెట్టుకున్నాడు.